ప్రతి సంతకానికీ ఒక ధర: మార్కోస్ ఇరవై ఏళ్ళు ఎలా నెట్టుకొచ్చాడు

"ఈ దేశానికి ఓ పదేళ్ళు మిలిటరీ పాలన పెడితే తప్ప బాగుపడదండీ." ఈ మాట టీకొట్టు దగ్గరో, రైల్లోనో, చుట్టాల వాట్సాప్ గ్రూపులోనో వినని తెలుగువాడు ఉండడు. అనేవాళ్ళు దుర్మార్గులేం కాదు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయినవాళ్ళు. వాళ్ళకు హిట్లర్ కథ చెప్పి ప్రయోజనం లేదు, ఎందుకంటే వాళ్ళెవరూ హిట్లర్‌ని కోరుకోవడం లేదు. బాగా చదువుకుని, చట్టం తెలిసి, క్రమశిక్షణ నేర్పే గట్టివాడొకడు కావాలంటున్నారు. అచ్చం అలాంటివాడే ఒక దేశానికి దొరికాడు. 1939 బార్ పరీక్షలో దేశం మొత్తానికీ మొదటి ర్యాంకు తెచ్చుకున్న లాయరు ఫెర్డినాండ్ మార్కోస్. దేశం ఫిలిప్పీన్స్. ఇవాళ మన పిల్లలు ఎంబీబీఎస్ కోసం దవావోకీ మనీలాకీ వెళ్తున్నారు గానీ, ఆ దేశపు చరిత్ర మాత్రం మనదాకా మార్కోస్ భార్య ఇమెల్డా చెప్పుల జతల లెక్కగానే వచ్చింది. ఆ చెప్పుల్ని కాసేపు పక్కన పెడదాం.

నియంత అనగానే మనకు తుపాకీ గుర్తొస్తుంది. మార్కోస్ దగ్గర తుపాకులకు కొదవ లేదు. కానీ ఆయన పాలనను దగ్గరగా చూస్తే ఎక్కువగా కనిపించేవి కాగితాలు. 2 వేలకు పైగా అధ్యక్ష డిక్రీలు, ఉత్తర్వులు, ప్రజాభిప్రాయ సేకరణలు. ప్రతి కాగితం కిందా ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. కాదనే అవకాశం ఉన్న ప్రతివాడికీ ఆయన ముందే ఒక ధర కట్టి ఉంచాడు. ఆ ధరలు కట్టగలిగినన్నాళ్ళు పాలన నిలిచింది. కట్టలేని స్థితి వచ్చాక మూడేళ్ళలో కూలింది. నా వాదనంతా ఇదే.

మొదట తేదీ చూడాలి. 1935 ఫిలిప్పీన్స్ రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడు వరసగా 8 ఏళ్ళకు మించి పదవిలో ఉండకూడదు. మార్కోస్ 1965లో గెలిచాడు, 1969లో మళ్ళీ గెలిచాడు. అంటే 1973 డిసెంబర్ 30న ఇంటికి వెళ్ళాలి. కమ్యూనిస్టు తిరుగుబాటు, దక్షిణాన మిందనావో దీవిలో ముస్లింల అలజడి, మనీలా వీధుల్లో విద్యార్థుల ఊరేగింపులు, ఇవేవీ కల్పితాలు కావు. కానీ కమ్యూనిస్టుల సాయుధ దళం న్యూ పీపుల్స్ ఆర్మీ పుట్టింది 1969లో. 1972లో మార్కోస్ మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెట్టేనాటికి దానికి మూడేళ్ళు. దేశాన్ని కూల్చే శక్తి దానికి లేదు. ఆ తిరుగుబాటును అణచడానికే సైనిక పాలన అన్నారు. మార్కోస్ దిగిపోయేనాటికి ఆ కమ్యూనిస్టు దళంలోనే 20 వేల పైచిలుకు గెరిల్లాలున్నారని అంచనా. మందు వేసిన కొద్దీ రోగం పెరిగిందన్నమాట.

1971 ఆగస్టు 21న మనీలాలోని ప్లాజా మిరాండాలో ప్రతిపక్ష లిబరల్ పార్టీ సభ మీద గ్రెనేడ్లు పడ్డాయి. 9 మంది చనిపోయారు. ఎవరు వేశారన్నది ఇప్పటికీ తేలని వాదమే. మార్కోస్ మాత్రం తేలేదాకా ఆగలేదు. వెంటనే అరెస్టును కోర్టులో ప్రశ్నించే హక్కు అయిన హెబియస్ కార్పస్‌ను నిలిపేశాడు. సుప్రీంకోర్టు ఆ డిసెంబర్‌లో, "అధ్యక్షుడు చెప్పిన కారణాలు నిజమో కాదో పరిశీలించే అధికారం మాకుంది" అంటూనే ఆయన చేసింది సరేనంది. 1972 జనవరిలో ఆయనే ఆ ఉత్తర్వు ఎత్తేశాడు. పోయిందేముంది అనిపిస్తుంది. కానీ అది రిహార్సల్. ఎవరు గొణుగుతారు, ఎవరు ఊరుకుంటారు, కోర్టు ఎంతవరకు వస్తుంది అన్నది ఆ అయిదు నెలల్లో తెలిసిపోయింది. మార్కోస్ తేలిగ్గా తీసుకోలేని సంగతి కూడా ఒకటి తెలిసింది. 1971 నవంబర్ సెనేట్ ఎన్నికల్లో 8 సీట్లకు 6 లిబరల్స్ గెలిచారు. ఎన్నిక సవ్యంగా జరిగితే తను ఓడతాడు.

1972 సెప్టెంబర్ 22 సాయంత్రం రక్షణ మంత్రి హువాన్ పోన్సే ఎన్రిలే కారు మీద కాల్పులు జరిగాయి. అదృష్టం కొద్దీ మంత్రిగారు ఆ కార్లో లేరు, వెనక కార్లో ఉన్నారు. మర్నాడు రాత్రి టీవీలో మార్కోస్ మార్షల్ లా ప్రకటించాడు. ప్రకటన నంబరు 1081, దాని మీద తేదీ సెప్టెంబర్ 21. అంటే మంత్రి మీద కాల్పులు జరగకముందే కాగితం సిద్ధం. 1986లో ఎన్రిలేయే ఆ దాడి నాటకమని చెప్పాడు. తర్వాత ఆత్మకథలో కాదు నిజమేనన్నాడు. ఈ పెద్దమనిషి పేరు గుర్తుంచుకోండి.

టీవీలో ప్రకటన వచ్చేసరికే పని చాలావరకు అయిపోయింది. ఆ తెల్లవారుజామునే ప్రతిపక్ష నాయకుడు బెనిగ్నో అక్వినోను మనీలా హిల్టన్‌లో అరెస్టు చేశారు. పత్రికలు, రేడియో, టీవీ స్టేషన్లకు తాళాలు పడ్డాయి. ఉత్తర్వు వరస నంబర్లే ఆయన ప్రాధాన్యాలు చెబుతాయి. లెటర్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ నంబరు 1: మీడియా స్వాధీనం. జనరల్ ఆర్డర్ నంబరు 1: అధికారమంతా అధ్యక్షుడికి. నంబరు 2: అరెస్టులు. నంబరు 3 దగ్గర లాయరు బుర్ర కనిపిస్తుంది. కోర్టులు యథావిధిగా పనిచేస్తాయి, అయితే ఈ ప్రకటన చెల్లుతుందా, దీని కింద వచ్చే డిక్రీలు చెల్లుతాయా అన్న కేసులు మాత్రం వినకూడదు. భూతగాదా వినండి, అప్పుల దావా వినండి, నా జోలికి రాకండి. కోర్టు మూసేస్తే గొడవ. తెరిచి ఉంచితే గౌరవం. ఆ నెలాఖరున ఇంకో ఆదేశం వచ్చింది: అధ్యక్షుడు నియమించే అధికారులంతా ముందుగా రాజీనామా లేఖలు రాసి ఇవ్వాలి. ఆమోదించాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. సంతకం చేసిన రాజీనామా పైవాడి సొరుగులో ఉంటే ఏ అధికారి ఎంత ధైర్యంగా ఫైలు రాస్తాడో ప్రభుత్వోద్యోగం చేసినవాళ్ళకు వేరే చెప్పాలా.

రాజ్యాంగాన్ని మార్చిన తీరు మాత్రం కాస్త నిదానంగా చూడాలి. నాకు తెలిసినంతలో ఇంత నాజూకైన బేరం ఇంకో నియంత చేయలేదు. 1971 నుంచి 320 మంది ఎన్నికైన ప్రతినిధులతో ఒక రాజ్యాంగ సభ నడుస్తోంది. మార్షల్ లా రాగానే అందులో కొందరు జైలుకు, కొందరు విదేశాలకు. మిగిలినవాళ్ళ ముందుకొచ్చిన ముసాయిదాలో, అందరూ చదవకుండా వదిలేసే చివరి అధ్యాయంలో, తాత్కాలిక ఏర్పాట్ల కింద ఒక నిబంధన ఉంది. కొత్త పార్లమెంటు వచ్చేదాకా ఒక మధ్యంతర జాతీయ సభ ఉంటుంది. ఈ అధ్యాయానికి అనుకూలంగా ఓటేసిన ప్రతినిధులు అందులో సభ్యులౌతారు. వ్యతిరేకంగా వేసినవాళ్ళు కారు. పాత సెనేటర్లు, కాంగ్రెస్ సభ్యులు కూడా "మాకు సమ్మతమే" అని 30 రోజుల్లో రాసిస్తే వాళ్ళకూ సీటు. ఓటుకు నోటు అంటూ మనం అంత గోల చేస్తాం, అక్కడ ఓటుకు సీటు అని రాజ్యాంగంలోనే అచ్చేశారు.

చాలామంది ఓటేశారు, చాలామంది రాసిచ్చారు కూడా. ఆ మధ్యంతర సభను పిలవాల్సింది ఎవరు? అధ్యక్షుడు. ఎప్పటిలోగా పిలవాలి? గడువు రాయలేదు. మార్కోస్ దాన్ని ఒక్కసారి కూడా పిలవలేదు. 1976లో సవరణ తెచ్చి దాని స్థానంలో వేరే సభ పెట్టాడు. సీటు ఆశ చూపి సంతకం తీసుకున్నాడు, సీటు మాత్రం ఇవ్వలేదు. అడిగే దారీ లేదు, ఎందుకంటే అడగాల్సిన వేదికను వాళ్ళే తమ ఓటుతో రద్దు చేసుకున్నారు. అదే అధ్యాయంలో న్యాయమూర్తుల గురించీ ఒక వాక్యం ఉంది: ఇప్పుడున్నవాళ్ళు 70 ఏళ్ళదాకా కొనసాగవచ్చు, "ఈలోగా మార్చకపోతే". ఆ చిన్న షరతుతో ప్రతి జడ్జీ రోజుకూలీ అయ్యాడు.

ఇక ప్రజల ఆమోదం. 1973 జనవరి 15న రహస్య బ్యాలెట్‌తో ఓటింగ్ జరగాలి. అది పోతుందని తెలిశాక వాయిదా వేసి, దాని బదులు డిక్రీ 86 కింద ప్రతి బరంగాయ్‌లోనూ పౌరసభలు పెట్టారు. బరంగాయ్ అంటే మన గ్రామం, వార్డు లాంటిది. 15 ఏళ్ళు నిండినవాళ్ళందరికీ ఓటు. పద్ధతి? చాలాచోట్ల చేతులెత్తడమే. జనవరి 10 నుంచి 15 వరకు ఇది జరిగింది. 17న ఫలితం వచ్చింది: అనుకూలం 1,49,76,561, వ్యతిరేకం 7,43,869. మార్షల్ లా కింద, ఊరి పెద్దా పోలీసూ చూస్తుండగా, చెయ్యెత్తి ఓటు. చివరి అంకెదాకా లెక్క చెప్పడం నియంతలకు మహా సరదా.

దీన్ని కోర్టులో సవాలు చేశారు. 1973 మార్చి 31న తీర్పు. పదిమంది న్యాయమూర్తుల్లో ఆరుగురు ఈ ఆమోదం చట్టం చెప్పిన పద్ధతిలో జరగలేదన్నారు. అయినా ఆరుగురి మెజారిటీతో పిటిషన్లు కొట్టేశారు. కొత్త రాజ్యాంగం అమల్లో ఉందని భావించడానికి న్యాయపరంగా ఇంకే అడ్డంకీ లేదన్నది చివరి వాక్యం. తప్పే, కానీ జరిగిపోయింది కదా అన్నట్టు. ప్రధాన న్యాయమూర్తి రొబెర్తో కొన్సెప్సియోన్ విభేదించి, గడువుకు ముందే పదవి విడిచి వెళ్ళిపోయాడు.

మనం వాళ్ళకంటే మెరుగు అనుకోవడానికి తొందరపడొద్దు. మూడేళ్ళ తర్వాత, 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ అడిగే హక్కు ఎవరికీ లేదని మన సుప్రీంకోర్టు 4-1తో తేల్చింది. కాదన్న ఆ ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. 1977 ఎన్నికల్లో ఉత్తరాది అంతా ఇందిరను ఊడ్చిపారేసింది, సరే. ఆంధ్రప్రదేశ్‌లో 42కి 41 సీట్లు కాంగ్రెస్‌కే వచ్చాయి. మిగిలిన ఒక్కటి, నంద్యాల, నీలం సంజీవరెడ్డిది. బలవంతపు ఆపరేషన్ల ఉధృతి ఉత్తరాదిలో ఉన్నంతగా ఇక్కడ లేదు. రైళ్ళు టైముకు వస్తున్నాయన్న మాట మాత్రం ఇక్కడా బాగా నచ్చింది. అదే ఏడాది, నక్సలైట్ కేసుల్లో ఉరిశిక్ష పడ్డ భూమయ్య, కిష్టాగౌడ్‌లు ఎక్కడున్నారని అడిగినవాళ్ళు తక్కువ. వాళ్ళను 1975 డిసెంబర్ 1నే ఉరితీశారు.

మార్కోస్‌కూ మొదట్లో జనం మెప్పు దొరికింది. దాన్ని దాచిపెట్టి వాదిస్తే ఆ టీకొట్టు మిత్రుడు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. "దేశం ముందుకు పోవాలంటే క్రమశిక్షణ కావాలి" అన్నది నినాదం. అర్ధరాత్రి నుంచి 4 గంటలదాకా కర్ఫ్యూ. పొడుగు జుట్టు కత్తిరించారు. జమీందారుల ప్రైవేటు సేనల నుంచి లక్షల తుపాకులు లాక్కున్నారు. 1973 జనవరిలో లిమ్ సెంగ్ అనే హెరాయిన్ వ్యాపారిని తుపాకులతో కాల్చి మరణశిక్ష అమలుచేసి, అందరికీ తెలిసేలా చూపించారు. నేరాలు తగ్గాయి. ప్రపంచంలో చక్కెర, కొబ్బరి ధరలు ఎగబాకడంతో ఆ ఏడాది ఆర్థికవృద్ధి దాదాపు 9 శాతం. ధర ప్రపంచ మార్కెట్టు పెంచింది, పేరు మార్షల్ లాకు వచ్చింది.

ఇంతకీ క్రమశిక్షణ ఎవరికి వచ్చింది? కిందివాళ్ళకు. పైవాళ్ళకు వచ్చినవి వాటాలు. మార్కోస్ దంపతులు జ్యూరిక్‌లోని క్రెడిట్ స్విస్‌లో "విలియం సాండర్స్", "జేన్ రయన్" అన్న దొంగపేర్లతో ఖాతాలు తెరిచింది 1968లో, మార్షల్ లాకు నాలుగేళ్ళ ముందే. అలవాటు పాతది. మార్షల్ లా దానికి కాపలా అయింది.

కొబ్బరి సంగతి కోనసీమవాళ్ళు ప్రత్యేకంగా చదవాలి. 1973లో ఒక డిక్రీతో ఎండుకొబ్బరి మీద వంద కిలోలకు 15 పేసోల లెవీ వేశారు. మొదటి అమ్మకం దగ్గరే పట్టుకుంటారు, అంటే రైతు చేతికి ఆ మేరకు తక్కువ వస్తుంది. తర్వాత ఆ లెవీ ఇంకా పెరిగింది. రైతు సంక్షేమం, ధరల స్థిరీకరణ అన్నారు. ఆ డబ్బుతో 1975లో ఒక బ్యాంకు కొన్నారు, "రైతుల బ్యాంకు" అని. నడిపించింది మార్కోస్ ఆప్తుడు ఎడ్వార్డో కొహువాంగ్కో. బేరం కుదిర్చినందుకు ఆయనకు ఆ బ్యాంకులోనే వాటా ముట్టింది. తర్వాత నూనె మిల్లులు కొన్నారు, కొని ఒకే గొడుగు కిందికి తెచ్చారు. ఇప్పుడు రైతు ఎండుకొబ్బరి అమ్మాలంటే కొనేవాడు ఒక్కడే, ధర చెప్పేవాడూ వాడే. 1983లో దేశంలోకెల్లా పెద్ద బీరు కంపెనీ సాన్ మిగెల్‌లో భారీ వాటా కొన్నారు. లెవీ కట్టిన రైతుకు రసీదులైతే ఇచ్చారు. అవి వాటా పత్రాలుగా మారతాయన్నారు. చాలామంది వాటి విలువ తెలియక పోగొట్టుకున్నారు. (ఈ కొహువాంగ్కో, మార్కోస్‌ను దించిన కొరజోన్ అక్వినోకు, అంటే బెనిగ్నో అక్వినో భార్యకు, దగ్గరి చుట్టం. వాళ్ళ తండ్రులు అన్నదమ్ములు. అక్కడా రాజకీయమంతా పదిళ్ళ మధ్యే.)

చక్కెరలో రొబెర్తో బెనెదిక్తో అదే పని చేశాడు, ఒకే సంస్థ కొంటుంది, అదే ఎగుమతి చేస్తుంది. 1980ల నడుమ ప్రపంచ ధర పడిపోయినప్పుడు చెరకు తప్ప వేరే పంట లేని నెగ్రోస్ దీవిలో కూలీల పిల్లలు పోషణ లేక చచ్చిపోయారు. విద్యుత్ సంస్థ మెరాల్కో లోపెజ్ కుటుంబానిది. ఆ ఇంటి కొడుకు జైల్లో ఉన్నాడు. వదిలేస్తామన్న ఆశ చూపి 10 వేల పేసోల అడ్వాన్సుతో కంపెనీ రాయించుకున్నారు. కంపెనీ పోయింది, కొడుకును మాత్రం వదల్లేదు. 1977లో అతనే జైలు నుంచి తప్పించుకుని అమెరికా చేరాడు.

సైన్యానికి వేరే లెక్క. సంఖ్య రెట్టింపు దాటింది, జీతాలు పెరిగాయి. 1975లో మేయర్ల చేతిలోని పోలీసుల్ని తెచ్చి సైన్యం కిందే పెట్టారు. తన ఊరివైపు ఇలోకానోలను పైకి తెచ్చాడు, బంధువు ఫాబియాన్ వేర్‌ను 1981లో సైన్యాధిపతిని చేశాడు. ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. నమ్మకస్తులైన జనరల్స్ రిటైరయ్యే వయసు దాటినా పొడిగింపులిస్తూ పోయాడు. పైన కుర్చీ ఖాళీ కాకపోతే కింద కల్నల్‌కు ప్రమోషన్ లేదు. విధేయతకు ఇచ్చిన ఆ బహుమతే మధ్యస్థాయి అధికారుల్లో అసంతృప్తి పెంచింది. వాళ్ళే సైన్యంలో సంస్కరణల పేరుతో ఒక సంఘం కట్టుకున్నారు, చివరికి కుట్ర పన్నింది కూడా వాళ్ళే.

ఎన్నికలు ఆపేయలేదు సుమా. 1978లో పార్లమెంటు ఎన్నికలు పెట్టాడు. మనీలాలో జైలు నుంచి అక్వినో పోటీ చేశాడు. పోలింగ్ ముందురోజు రాత్రి నగరమంతా గిన్నెలు, హారన్లు మోగించి మద్దతు తెలిపింది. మర్నాడు మనీలాలోని 21 సీట్లకు 21 ఇమెల్డా జట్టువే. 1981 జనవరిలో, పోప్ రాకకు ముందు, మార్షల్ లా ఎత్తేశాడు. ప్రపంచం చప్పట్లు కొట్టింది. కానీ 1976లో తెచ్చిన ఆరో సవరణ అలాగే ఉంది: అత్యవసరమని తనకనిపించినా, పార్లమెంటు సరిగా పనిచేయడం లేదనిపించినా అధ్యక్షుడే చట్టం చేయొచ్చు. ఎవరికి అనిపించాలి? ఆయనకే. తాళం తీసి, తాళంచెవి మాత్రం జేబులో వేసుకున్నాడు. ఆ జూన్ అధ్యక్ష ఎన్నికలో అసలు ప్రతిపక్షం బహిష్కరిస్తే, 88 శాతం ఓట్లతో గెలిచాడు. ప్రమాణస్వీకారానికి వచ్చిన అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ ఆయన ప్రజాస్వామ్య నిష్ఠను మెచ్చుకున్నాడు. అమెరికా సైనిక స్థావరాలు క్లార్క్, సూబిక్ అప్పట్లో ఆ దేశంలోనే ఉండేవి మరి.

ఇన్ని ధరలు కట్టడానికి డబ్బు ఎక్కడిది? అప్పు. మార్కోస్ గద్దెనెక్కినప్పుడు వంద కోట్ల డాలర్లలోపు ఉన్న విదేశీ అప్పు, దిగేనాటికి సుమారు 2,600 కోట్ల డాలర్లు. బటాన్ అణువిద్యుత్ కేంద్రం ఒక్కటే 200 కోట్ల డాలర్లు మింగింది. మధ్యవర్తికి కమిషన్ ముట్టింది, కేంద్రం ఒక్క యూనిట్టూ ఇవ్వలేదు. దాని అప్పు తీరింది 2007లో. 1983 ఆగస్టు 21న, జైలు నుంచి విదేశానికి వెళ్ళి తిరిగొచ్చిన అక్వినోను విమానం దిగుతుండగానే సైనికుల కాపలాలో ఉండగా కాల్చి చంపారు. పెట్టుబడి పారిపోయింది. ఆ అక్టోబర్‌లో అప్పు వాయిదాలు కట్టలేమన్నారు. కేంద్రబ్యాంకు తన దగ్గరున్న డాలర్ల నిల్వను కోట్లకు కోట్లు ఎక్కువ చేసి చూపించిందని బయటపడింది. 1984లో ధరలు 50 శాతం పెరిగాయి. ఆ ఏడూ మరుసటేడూ ఆర్థికవ్యవస్థ 7 శాతం చొప్పున కుంచించుకుపోయింది. జనం కోపం అంతకుముందు కూడా ఉంది. కొత్తగా వచ్చింది ఖజానా ఖాళీ.

అమెరికా ఒత్తిడి తట్టుకోలేక 1986 ఫిబ్రవరి 7న హఠాత్తుగా ఎన్నిక పెట్టాడు. ఈసారి నామ్‌ఫ్రెల్ అనే పౌరసంస్థ లక్షల మంది వాలంటీర్లతో బూత్‌కాడే లెక్కలు రాసుకుని తన సొంత కూడిక చేసింది. ప్రభుత్వ లెక్క మార్కోస్ గెలుస్తున్నాడంటోంది, ఆ లెక్క ఎదురు పోటీ చేసిన కొరజోన్ గెలుస్తోందంటోంది. 9వ తేదీ రాత్రి ఎన్నికల సంఘం కంప్యూటర్ గదిలో దాదాపు 30 మంది ఉద్యోగులు, ఎక్కువమంది ఆడపిల్లలు, తాము ఎక్కించిన అంకెలకూ బోర్డు మీద కనిపిస్తున్న అంకెలకూ పొంతన లేదని డిస్కులు పట్టుకుని లేచి బయటికి నడిచారు. పద్నాలుగేళ్ళలో జడ్జీలు, సెనేటర్లు, జనరల్స్ చేయని పని నెలజీతం పిల్లలు చేశారు. వాళ్ళకు ఎవరూ ధర కట్టలేదు. అంత చిన్నవాళ్ళు కాదంటారని ఎవరికీ తోచలేదు కాబోలు.

22న ఆ మధ్యస్థాయి అధికారుల కుట్ర బయటపడిందని తెలిసి ఎన్రిలే, సైన్యంలో రెండో స్థానంలో ఉన్న ఫిదెల్ రామోస్ సైనిక శిబిరంలో తలదాచుకుని ఎదురుతిరిగారు. మనీలా కాథలిక్ ఆర్చిబిషప్ కార్డినల్ సిన్ రేడియోలో పిలుపునిస్తే జనం ఎడ్సా రోడ్డు మీదికి వచ్చారు. తరువాతి మూడు రోజుల కథ అందరూ చెప్పుకునేదే: కన్యాస్త్రీలు జపమాలలతో అడ్డునిలిస్తే కవచవాహనాలు ఆగిపోయాయి. నిజానికి 24 ఉదయం తిరుగుబాటుదారుల మీద దాడికి వెళ్ళిన హెలికాప్టర్ల దళం వాళ్ళ మైదానంలోనే దిగి చేరిపోవడంతో లెక్క తేలిపోయింది. 25 రాత్రి మార్కోస్ అమెరికా హెలికాప్టర్లో క్లార్క్‌కు, అక్కణ్ణుంచి హవాయికి. 1989లో అక్కడే పోయాడు.

స్విట్జర్లాండ్ ఖాతాల్లోని 65 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము ప్రభుత్వానికే చెందుతుందని 2003లో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు తేల్చింది. అందులో వెయ్యి కోట్ల పేసోలను బాధితుల పరిహారానికి కేటాయించారు. హత్యలు, చిత్రహింసలు, అక్రమ నిర్బంధాల్లో ప్రభుత్వమే గుర్తించిన బాధితుల సంఖ్య 11,103. కొబ్బరి లెవీ ఆస్తులు రైతులకోసం ఒక నిధిగా మారాలన్న చట్టం వచ్చింది 2021లో, లెవీ మొదలైన 48 ఏళ్ళకు. ఇమెల్డాకు 2018లో ఏడు అవినీతి కేసుల్లో శిక్ష పడింది, బెయిలు మీద బయటే ఉండిపోయింది. 2022లో ఆమె కొడుకు ఫెర్డినాండ్ జూనియర్ 3 కోట్ల 16 లక్షల ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. తన ప్రధాన న్యాయ సలహాదారుగా 98 ఏళ్ళ లాయరొకరిని నియమించుకున్నాడు. ఆయన పేరు హువాన్ పోన్సే ఎన్రిలే.